ఇంటర్నెట్ భారం సందేశాల్లో లేదు, యంత్రాల్లో ఉంది

పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మలు, రాత్రి నిద్రపట్టే దాకా చూసే రీళ్లు, ఏళ్ల తరబడి పేరుకుపోయిన మెయిళ్లు పర్యావరణానికి ఎంత చేటు చేస్తున్నాయన్న ప్రశ్న తరచుగా చర్చలోకి వస్తూనే ఉంది. 2019లో బ్రిటన్‌లోని ఓవో ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ, ఆ దేశంలోని వయోజనులంతా రోజుకొక ధన్యవాదాల మెయిల్ మానుకుంటే ఏడాదికి 16 వేల టన్నులకు పైగా కర్బన ఉద్గారాలు తగ్గుతాయని ప్రకటించింది. 2025 ఆగస్టులో అదే దేశంలో అనావృష్టి పరిస్థితిని సమీక్షించిన అధికార బృందం, డేటా కేంద్రాలను చల్లబరచడానికి నీరు ఖర్చవుతుంది కనుక పాత మెయిళ్లను, ఫొటోలను చెరిపేయమని ప్రజలకు సలహా ఇచ్చింది. ఇటువంటి సలహాలు తెలుగు పత్రికల దాకా, ఆ తర్వాత బడి పిల్లల ప్రాజెక్టుల దాకా చేరుతున్నాయి. కష్టపడకుండా పాటించగలిగినవి కావడం వల్ల వీటికి ఆదరణ ఎక్కువ. అయితే, తెనాలిలోనో బాపట్లలోనో రేపల్లెలోనో ఉన్న ఒక సాధారణ కుటుంబం ఇంటర్నెట్ వాడకాన్ని విద్యుత్ యూనిట్లలోకి మార్చి చూస్తే, ఈ సలహాలు అసలు భారం ఉన్న చోటును వదిలి మరో చోటును చూపుతున్నాయని తేలుతుంది.

అంచనాల్లో గందరగోళం ఎలా మొదలైందో ముందుగా గమనించాలి. ఫ్రాన్స్‌కు చెందిన షిఫ్ట్ ప్రాజెక్ట్ అనే మేధోసంస్థ 2019లో వేసిన లెక్క ఆధారంగా, అరగంట సేపు ఆన్‌లైన్ వీడియో చూస్తే 1.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందన్న మాట ప్రపంచమంతా పాకింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ నిపుణుడు జార్జ్ కమియా 2020లో ఆ లెక్కను విప్పి చూసి, గంట వీడియోకు సగటున 36 గ్రాములు మాత్రమేనని తేల్చారు. బిట్లకు, బైట్లకు మధ్య ఉండే ఎనిమిది రెట్ల తేడా తమ లెక్కలో తారుమారైందని షిఫ్ట్ ప్రాజెక్ట్ కూడా తర్వాత ఒప్పుకుంది. 2021లో బ్రిటన్‌కు చెందిన కార్బన్ ట్రస్ట్ ఐరోపా సగటును గంటకు 55 గ్రాముల ప్రాంతంలో లెక్కగట్టి, అందులో సగానికి పైగా భారం చూసేవారి ఇంట్లోని పరికరానిదేనని చెప్పింది. 50 అంగుళాల టీవీ స్మార్ట్‌ఫోన్ కన్నా దాదాపు వంద రెట్లు కరెంటు వాడుతుంది కాబట్టి, ఏం చూశారన్న దానికన్నా దేనిలో చూశారన్నదే ఈ లెక్కలో ముఖ్యం. అమెరికన్ పరిశోధకులు జొనాథన్ కూమీ, ఎరిక్ మసానెట్ 2021లో మరో లోపాన్ని ఎత్తిచూపారు. నెట్‌వర్క్ పరికరాలు డేటా పారుతున్నా, పారకపోయినా దాదాపు ఒకే స్థాయిలో కరెంటు తాగుతాయి కనుక, మొత్తం కరెంటును మొత్తం జీబీలతో భాగించి ‘ఒక జీబీకి ఇంత’ అని చెప్పడం, ఆ జీబీ మానుకుంటే అంత మిగులుతుందన్న భ్రమకు దారితీస్తుందన్నది వారి వాదన. ఖాళీగా నడిచినా నిండుగా నడిచినా రేపల్లె బస్సుకు పట్టే డీజిల్ పెద్దగా మారనట్టే, ఒక సందేశం తగ్గినంత మాత్రాన టవరు వాడే కరెంటు తగ్గదు.

ఈ అవగాహనతో కృష్ణా డెల్టా ప్రాంతపు ఒక ఇంటి లెక్క వేయవచ్చు. దేశంలో గ్రిడ్ ద్వారా అందే ఒక్కో యూనిట్ విద్యుత్తు వెనుక సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గణాంకాలు చెబుతున్నాయి. స్మార్ట్‌ఫోన్ బ్యాటరీని రోజూ పూర్తిగా చార్జ్ చేస్తే, చార్జర్‌లో పోయే నష్టంతో కలిపి ఏడాదికి సుమారు 9 యూనిట్లు, అంటే ఆరు కిలోల పైచిలుకు ఉద్గారం. పది వాట్ల వైఫై రూటర్ ఇరవై నాలుగు గంటలూ వెలుగుతుంటే ఏడాదికి సుమారు 88 యూనిట్లు, అంటే 61 కిలోలు. రిమోట్‌తో టీవీ ఆపినా గోడ మీది స్విచ్ ఆపకపోవడం వల్ల నడుస్తూనే ఉండే సెట్‌టాప్ బాక్స్ పన్నెండు వాట్లదైతే మరో 105 యూనిట్లు. అదే 43 అంగుళాల టీవీని రోజుకు నాలుగు గంటలు చూసినా ఖర్చయ్యేది దాదాపు వంద యూనిట్లే. అంటే ఎవరూ చూడని వేళల్లో మేలుకొని ఉండే బాక్స్, చూసిన టీవీతో సమానంగా కరెంటు వాడుతోంది. ఇక మెయిళ్ల సంగతి: ఒక జీబీ సమాచారాన్ని మూడు నకళ్లతో ఏడాది పాటు డేటా కేంద్రంలో దాచడానికి, స్థూలంగా లెక్కిస్తే, ఒక యూనిట్‌లో యాభయ్యో వంతుకు మించి పట్టదు. రాత్రి ఎనిమిది గంటలు రూటర్ ఆపితే మిగిలే 29 యూనిట్లను మెయిళ్లు చెరిపి ఆదా చేయాలంటే వేయికి పైగా జీబీలు చెరపాలి. కృత్రిమ మేధతో సంభాషణ విషయంలోనూ ఇదే పోలిక నిలుస్తుంది. తమ జెమినీకి వేసే ఒక సాధారణ అక్షర ప్రశ్నకు 0.24 వాట్ అవర్ల విద్యుత్తు ఖర్చవుతుందని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఇందులో కలవలేదు, వీడియోలు సృష్టించమని అడిగితే ఖర్చు చాలా పెరుగుతుంది. అయినా ఆ అంకె ప్రకారం నాలుగు వేల ప్రశ్నలకు గానీ ఒక యూనిట్ కాదు.

వీటన్నిటికన్నా పెద్ద భారం ఫోన్ దుకాణం నుంచి ఇంటికి రాకముందే పడిపోయి ఉంటుంది. గనుల నుంచి ఖనిజాలు తవ్వడం, చిప్పులు, తెరలు తయారు చేయడం, రవాణా కలిపి ఒక స్మార్ట్‌ఫోన్ తయారీకి సాధారణంగా 50 నుంచి 80 కిలోల ఉద్గారం అవుతుందని తయారీ సంస్థల నివేదికలే చెబుతున్నాయి. అది పైన చెప్పిన చార్జింగ్ లెక్కలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాడకానికి సమానం. రెండేళ్లకు మార్చే ఫోన్‌ను నాలుగేళ్లు నిలుపుకుంటే ఏడాదికి సగటున పదిహేను కిలోలు తగ్గుతుంది. మెయిళ్లు చెరపడం వంటి పనులు ఏళ్ల తరబడి చేసినా ఆ దరిదాపులకు చేరవు. కాబట్టి తెనాలి బజారులో డిస్‌ప్లేలు, బ్యాటరీలు, చార్జింగ్ పిన్‌లు మార్చే చిన్న సెల్‌ఫోన్ రిపేరు దుకాణాలను పర్యావరణ విధానంలో భాగంగా చూడవలసి ఉంది. ఫోన్ల జీవితకాలాన్ని పొడిగిస్తున్నది ఆ దుకాణాలే. అయినా అసలైన విడిభాగాలు వారికి అందుబాటు ధరలో దొరకవు. డిస్‌ప్లే మార్పించే ఖర్చు కొత్త ఫోన్ ధరలో సగానికి చేరినప్పుడు, నెలవారీ వాయిదాల్లో కొత్త ఫోన్ దొరుకుతున్నప్పుడు, వినియోగదారుడు పాతదాన్ని పారేయడం అతని అలక్ష్యం వల్ల జరిగేది కాదు, మార్కెట్ అతన్ని అటు నెడుతోంది.

ఐరోపా ఈ చోటనే చట్టాన్ని నిలబెట్టింది. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద వాటిని ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో పదికి ఇన్ని మార్కులని ముద్రించడం తప్పనిసరి చేసింది. అదే ఏడాది నవంబరులో డిజిటల్ రంగపు పర్యావరణ భారాన్ని తగ్గించడానికే ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చింది. 2022 నుంచి టెలికాం సంస్థలు ప్రతి చందాదారుకూ అతను వాడిన డేటాతో పాటు దానికి సమానమైన ఉద్గారాల అంచనానూ తెలియజేయవలసి వస్తోంది. ‘జీబీకి ఇంత’ అన్న లెక్కలోని లోపం దృష్ట్యా ఈ చివరి నిబంధన కన్నా మార్కుల పద్ధతే విలువైనదని చెప్పాలి. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్య మొత్తం మీద కొత్త స్మార్ట్‌ఫోన్లకు, వాటి అమ్మకం ఆగిపోయాక కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. భారత్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది చివర పోర్టల్ ప్రారంభించింది. మొబైల్ ఫోన్లకు, ఎలక్ట్రానిక్ పరికరాలకు మరమ్మతు సూచిక ఎలా ఉండాలో తేల్చే నిపుణుల కమిటీ 2025 మేలో నివేదిక అందజేసింది. ఆ సూచిక ఐచ్ఛికంగా మిగిలిపోతే పెద్దగా ప్రయోజనం ఉండదు. దాన్ని తప్పనిసరి చేయడంతో పాటు, విడిభాగాలను కంపెనీ అధీకృత కేంద్రాలకే పరిమితం చేయకుండా మండల స్థాయి మెకానిక్‌కూ అదే ధరకు అమ్మాలన్న షరతు చేర్చితేనే అది రేపల్లె దాకా చేరుతుంది.

పాడైన పరికరాల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడగా, అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత ఈ-వ్యర్థాల నియమావళి ఉత్పత్తిదారుల మీద రీసైక్లింగ్ బాధ్యతను మోపి, దాని లక్ష్యాన్ని 60 శాతంతో మొదలుపెట్టి క్రమంగా 80 శాతానికి పెంచుతోంది. చిన్న పట్టణాల్లో మాత్రం పాత ఫోన్లు, చార్జర్లు, రూటర్లు వీధుల్లో తిరిగి పాత సామాను కొనేవారి చేతుల్లోకే వెళ్తున్నాయి. వారిని పక్కనపెట్టి కాగితాల మీద సేకరణ కేంద్రాలు తెరవడం కన్నా, ప్రతి నెలా మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో పురపాలక సంఘాలు వారికే గుర్తింపు ఇచ్చి, అధీకృత రీసైక్లర్‌తో కలిపి, కిలోకు గిట్టుబాటు ధర చూపడం మేలు.

నెట్‌వర్క్ విషయానికి వస్తే, ఇక్కడ వ్యక్తి చేయగలిగింది స్వల్పం, నియంత్రణ సంస్థలు చేయగలిగింది ఎక్కువ. సెల్ టవర్లు రాత్రింబవళ్లు పనిచేస్తాయి, కరెంటు పోయినప్పుడు బ్యాటరీల మీద, అవి అయిపోయాక డీజిల్ జనరేటర్ల మీద ఆధారపడతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సముద్రానికీ కృష్ణకూ మధ్య ఉన్న ఈ ప్రాంతానికి గాలివాన వేళల్లో ఫోన్ పనిచేయడం ప్రాణావసరం. అందువల్ల ఇక్కడ డీజిల్ వద్దనడం కన్నా డీజిల్ అవసరపడని టవర్లు కట్టడం సరైన లక్ష్యం. 2015 నాటికి గ్రామీణ టవర్లలో సగం, 2020 నాటికి నాలుగింట మూడు వంతులు గ్రిడ్‌తో పాటు పునరుత్పాదక విద్యుత్తుతో నడవాలని టెలికాం శాఖ 2012లోనే ఆదేశించింది. ఆ గడువులు రెండూ ఎప్పుడో దాటిపోయాయి. 2022లో కేంద్రం తెచ్చిన హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నియమాలు, అంటే పంపిణీ సంస్థతో నిమిత్తం లేకుండా ఉత్పత్తిదారు దగ్గరే పునరుత్పాదక విద్యుత్తు కొనుక్కునే వీలు కల్పించే నియమాలు, కనీస పరిమితిని ఒక మెగావాట్ నుంచి వంద కిలోవాట్లకు దించాయి. ఒక్క టవరు ఆ పరిమితిని అందుకోలేదు. ఒకే విద్యుత్ డివిజన్‌లోని పలు కనెక్షన్లను కలిపి లెక్కించుకోవచ్చని 2023లో సవరణ వచ్చినా, టవర్లు డివిజన్ల సరిహద్దులు చూసి కట్టినవి కావు. ఈ ప్రాంతపు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ పరిధి మొత్తాన్ని ఒకే లెక్కగా తీసుకోనిస్తే, తెనాలి నుంచి నిజాంపట్నం రేవు దాకా ఉన్న ఒక సంస్థ టవర్లన్నీ ఒకే సౌర ఒప్పందం కిందికి వస్తాయి. జనరేటర్ల స్థానంలో లిథియం బ్యాటరీలు పెట్టే పెట్టుబడికి అప్పుడు అర్థం ఉంటుంది.

డేటా రద్దీకి అసలు ప్రభావమే లేదనడం కూడా సరికాదు. ఒక్కో వినియోగదారుడి వాడకం నేడు టవరు కరెంటును మార్చకపోయినా, రాత్రి తొమ్మిది గంటల వేళ అందరి వాడకం కలిసి పెరిగితే, దాన్ని తట్టుకోవడానికి సంస్థలు కొత్త పరికరాలు బిగిస్తాయి. దేశంలో సగటు మొబైల్ వినియోగదారుడు 2024లో నెలకు 27.5 జీబీ వాడినట్టు నోకియా నివేదిక చెప్పింది. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ అని అమ్మే ప్యాకేజీల్లో మిగిలిన డేటా అర్ధరాత్రితో రద్దవుతుంది కనుక, డబ్బు పెట్టి కొన్నదాన్ని వృథా చేసుకోకూడదన్న సహజమైన ఆలోచనే వాడకాన్ని పెంచుతోంది. మిగులును మరుసటి రోజుకు బదిలీ చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్దేశిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది. వీడియో నాణ్యత విషయంలో దేశానికి ఒక అనుభవం కూడా ఉంది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో నెట్‌వర్క్‌లు కుంగిపోకుండా, ప్రధాన వీడియో సంస్థలన్నీ మొబైల్ నెట్‌వర్క్‌లపై 480పీ స్థాయికే పరిమితమవుతామని ఒక్క సమావేశంలో అంగీకరించాయి. ఆరంగుళాల తెర మీద ఆ తేడాను గుర్తించడం అంత తేలిక కాదు. కావాలనుకున్నవారు పెంచుకునే వీలుంచి, మొదటి అమరిక మాత్రం తక్కువ నాణ్యతగా, తనంతట తాను తర్వాతి వీడియో మొదలుకాని విధంగా ఉండాలని నిర్దేశించడం, కోట్ల మందికి సలహాలు ఇవ్వడం కన్నా సులువు.

దీనికి ఎదురుగా బలమైన మరో వాదన ఉంది. ఇంటర్నెట్ ఉద్గారాలను పెంచుతున్న దానికన్నా తగ్గిస్తున్నదే ఎక్కువని, తలసరి ఉద్గారాలు తక్కువగా ఉన్న దేశంలో గ్రామీణుల వాడకాన్ని తప్పుపట్టడం అన్యాయమని ఆ వాదన సారాంశం. ఇందులో న్యాయం ఉంది. లీటరు పెట్రోలు సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువరిస్తుంది కాబట్టి, ఒక ధ్రువపత్రం కోసం తెనాలి నుంచి గుంటూరుకు మోటారు సైకిల్ మీద వెళ్లి రావడం, పైన చెప్పిన అంచనాల ప్రకారం నలభై గంటలకు పైగా వీడియో చూడటంతో సమానం. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ పాలన ‘మన మిత్ర’ అటువంటి ప్రయాణాలను తప్పించగలదు. రేపల్లె వాసికి జిల్లా కేంద్రం బాపట్ల కనుక ఆ ప్రయోజనం మరింత స్పష్టం. అయితే పొదుపైన సేవ వాడకాన్ని పెంచి, పొదుపును కొంత తినేయడం కూడా ఆర్థికశాస్త్రం ఎరిగిన విషయమే. ఇంటి గుమ్మానికి వచ్చే ఆన్‌లైన్ సరుకులు బజారు ప్రయాణాలను తగ్గించాయా, వాటికి తోడయ్యాయా అన్నది ఊరికొక తీరుగా ఉంటుంది. కనుక ఇంటర్నెట్ వాడకాన్ని తగ్గించడం లక్ష్యం కాకూడదు, ఆ వాడకం వెనుక ఉన్న విద్యుత్తును, పరికరాలను మార్చడమే లక్ష్యం కావాలి.

ఆ విద్యుత్తు ప్రశ్న ఇప్పుడు రాష్ట్రంలో కొత్త పరిమాణాన్ని సంతరించుకుంది. విశాఖపట్నంలో అదానీకానెక్స్, ఎయిర్‌టెల్‌లతో కలిసి గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని నెలకొల్పడానికి ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టనున్నట్టు గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. ఒక గిగావాట్ అంటే పది వాట్ల రూటర్లు పది కోట్లు ఒకేసారి వెలగడం. రాష్ట్రంలోని కుటుంబాలు కోటిన్నర పైచిలుకు కాబట్టి, ప్రతి ఇంటా రూటర్ నిరంతరం నడిచినా ఆ కేంద్రం పూర్తి సామర్థ్యంలో ఆరో వంతు మాత్రమే అవుతుంది. ప్రపంచంలోని డేటా కేంద్రాలన్నీ 2024లో 415 టెరావాట్ అవర్లు, అంటే మొత్తం విద్యుత్తులో 1.5 శాతం వాడాయని, 2030 నాటికి అది 945కు చేరుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. 2010 నుంచి 2018 దాకా ఈ కేంద్రాలు చేసే పని ఆరున్నర రెట్లైనా విద్యుత్ వాడకం ఆరు శాతమే పెరిగిందన్న మసానెట్ బృందపు పరిశోధనను చూపి, సామర్థ్యమే సమస్యను తీరుస్తుందని ఆశావాదులు అంటున్నారు. కృత్రిమ మేధ విస్తరణ తర్వాత ఆ ఆశకు ఆధారం సన్నగిల్లింది.

ఐర్లండ్ అనుభవం ఇందుకు హెచ్చరిక. అక్కడ మీటరు విద్యుత్తులో డేటా కేంద్రాల వాటా 2015లో 5 శాతం ఉండగా 2023కు 21 శాతానికి చేరి, పట్టణ గృహాలన్నిటి వాడకాన్నీ దాటింది. డబ్లిన్ ప్రాంతంలో కొత్త కనెక్షన్లు ఇవ్వలేని స్థితి ఏర్పడింది. విశాఖకు వాతావరణంలో దగ్గరి పోలిక సింగపూర్. వేడి, తేమ కలిసిన ఆ నగరం 2019లో కొత్త డేటా కేంద్రాలను నిలిపివేసి, 2022లో కఠినమైన సామర్థ్య ప్రమాణంతో తిరిగి తలుపు తెరిచింది. మొత్తం వాడిన కరెంటును కంప్యూటర్లకు అందిన కరెంటుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1.3 మించకూడదన్నది ఆ ప్రమాణం. ప్రపంచ సగటు 2024లో 1.56 దగ్గర ఉంది. చల్లని జర్మనీ 2023 నాటి చట్టంతో 2026 జూలై నుంచి మొదలయ్యే కేంద్రాలకు 1.2 పరిమితి పెట్టి, 2027 నుంచి పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తునే వాడాలంటోంది.

విశాఖ ప్రాజెక్టులో కొత్త సరఫరా లైన్లు, స్వచ్ఛ విద్యుత్ ఉత్పత్తి, నిల్వ సదుపాయాలు కూడా భాగమని సంస్థలు ప్రకటించడం ఆహ్వానించదగినదే. కానీ ఏడాది మొత్తానికి కొన్న సౌర విద్యుత్తు వాడకంతో సమానమైనంత మాత్రాన రాత్రి రెండు గంటలకు నడిచే యంత్రాలకు అది అందినట్టు కాదు. నిల్వ చాలకపోతే ఆ వేళ లోటు పూడ్చేది బొగ్గు కేంద్రాలే. 2560 మెగావాట్ల నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉన్న ఇబ్రహీంపట్నం ప్రకాశం బ్యారేజీకి ఎగువనే ఉంది, అది వాడుకునే కృష్ణ నీరే తెనాలి, రేపల్లె కాలువల్లోకి రావలసిన నీరు. అందువల్ల గంట గంటకూ సరిపోల్చిన స్వచ్ఛ విద్యుత్తు, ఏటా ప్రజలకు వెల్లడించే కరెంటు, నీటి లెక్కలు, పైన చెప్పిన నిష్పత్తికి ఒక పరిమితి, ఈ మూడూ రాయితీలతో ముడిపడిన షరతులుగా ఒప్పందాల్లో ఉండాలి. కొత్త లైన్లకు, అత్యవసర కొనుగోళ్లకు అయ్యే వ్యయం ట్రూఅప్ చార్జీల, అంటే తర్వాత బిల్లుల్లో వేసే సర్దుబాటు చార్జీల, రూపంలో గృహ వినియోగదారుల మీద పడకుండా డేటా కేంద్రాలకు ప్రత్యేక టారిఫ్ శ్రేణిని ఏర్పరచడం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చేతిలోని పని. ఏటా టారిఫ్ ఖరారుకు ముందు మండలి జరిపే బహిరంగ విచారణలో ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. డెల్టా రైతు సంఘాలు, ఆక్వా రైతులు వ్యవసాయ కనెక్షన్ల గురించి, ఏరేటర్ల చార్జీల గురించి ఇప్పటికే అక్కడ మాట్లాడుతున్నారు. డేటా కేంద్రాల టారిఫ్ శ్రేణిపై లిఖిత అభ్యంతరాలు కూడా రాబోయే విచారణకల్లా వారి నుంచే వెళ్లాలి.